పక్కవాద్యం ఎవరిది?

మ్యాథ్ రాక్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది తెల్లవారుజామున ఐదింటికి లేపి కూర్చోబెట్టే ఇంటర్మీడియట్ స్టడీ అవరు. బెజవాడలో ఎంపీసీ చదివినవాడికి లెక్కలంటే ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి? పైగా అందులో పాడేవాడు ఉండడుట. ఓ గిటారు, ఓ డ్రమ్స్ సెట్టు, మధ్యలో లెక్కలు. "ఎంసెట్ కోచింగుకి కరెంటు కనెక్షన్ ఇచ్చినట్టుంటుందేమో" అన్నాను, ఆ పాటలు పెన్ డ్రైవులో వేసిచ్చిన ఆఫీసు ఫ్రెండుతో. వాడు నవ్వలేదు. "రెండుసార్లు విను. మొదటిసారి వినడం లెక్కలోకి రాదు" అన్నాడు.

ఇది 2006 నాటి మాట. ఆ వాయించే ఇద్దరి పేరు హెల్లా. కాలిఫోర్నియాలో శాక్రమెంటో వాళ్ళు. గిటార్ స్పెన్సర్ సైమ్, డ్రమ్స్ జాక్ హిల్. 2002లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరు 'హోల్డ్ యువర్ హార్స్ ఈజ్'. ఆ పేరుకి అర్థమేంటని నన్నడక్కండి, ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం అది వాక్యమే కాదు. ఫైవ్ రూ క్రిస్టీన్ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. మొత్తం విన్నా గంట పట్టదు. ఆ తర్వాత జాక్ హిల్ డెత్ గ్రిప్స్ అనే బ్యాండులో బాగా పేరు తెచ్చుకున్నాడు. సైమ్ ఏమో ది అడ్వాంటేజ్ అనే ఇంకో బ్యాండులో పాత నింటెండో వీడియో గేముల సంగీతానికి డ్రమ్స్ వాయించాడు (గంటకింతని డబ్బులిచ్చి కాంట్రా, మారియో ఆడిన తరం వాళ్ళు అది వింటే ఇంక పని చేసుకోలేరు, ముందే చెప్తున్నా). కానీ నేను మాట్లాడబోయేది ఆ మొదటి ఆల్బమ్ గురించే.

మొదటిసారి విన్నప్పుడు ఏమనిపించిందో దాచకుండా చెప్తాను. స్టీలు సామాన్ల కొట్లో ర్యాకు కూలినట్టనిపించింది. గిటారు ఏదో చిన్న ముక్క పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటుంది. దాని మీద డ్రమ్స్ అతను ఊపిరాడనివ్వకుండా వాయిస్తూ పోతాడు. ఎక్కడ తల ఊపాలో తెలీదు. మన చెవికి అలవాటైన పాటల్లో నడక నాలుగో, మూడో, మహా అయితే ఆరో ఉంటుంది. ఇక్కడ ఏడు అనుకుని పట్టుకుంటే పదకొండై కూర్చుంటుంది, పదకొండు అనుకునేసరికి ఇంకేదో అయిపోతుంది. మ్యాథ్ రాక్ అంటే స్థూలంగా అదే లెండి. 1991లో లూయీవిల్ కుర్రాళ్ళు స్లింట్ పేరుతో తెచ్చిన 'స్పైడర్‌లాండ్', ఆ తర్వాత పిట్స్‌బర్గ్ వాళ్ళు డాన్ కబలెరో, అలా కొంతమంది ఈ దారి వేశారు. జపాన్‌లో టో అనే బ్యాండు ఇదే పద్ధతిని చాలా మెత్తగా, వాన చినుకుల్లా వాయిస్తుంది. హెల్లాకి ఆ మెత్తదనం లేదు. వీళ్ళది వడగళ్ళ వాన.

రెండోసారి విన్నప్పుడు ఒక విచిత్రం జరిగింది. 'బిబ్లికల్ వయొలెన్స్' అనే ముక్క నడుస్తోంది. నా కుడిచెయ్యి దానంతటది తొడ మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఆది తాళం. పదమూడేళ్ళుగా వెయ్యని తాళం. అదేం సరిపోలేదనుకోండి, రెండు ఆవర్తనాల్లోనే తప్పిపోయింది. కానీ తప్పాననే సంగతి చేతికి తెలిసింది! ఆ తెలియడం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కెళ్ళాలి.

ఆరో క్లాసు నుంచి పదో క్లాసు దాకా నేను బెజవాడ సత్యనారాయణపురంలో ఒక మాస్టారి దగ్గర మృదంగం నేర్చుకున్నాను. ఇంటర్మీడియట్‌లో చేరగానే మానేశాను. మానెయ్యమని ఎవరూ పెద్దగా చెప్పక్కర్లేదు, బెజవాడలో అది గాల్లోనే ఉంటుంది. ఆ మాస్టారు నేర్పిన లెక్కొకటి ఇప్పటికీ గుర్తుంది. మీకూ చెప్తాను, కాగితం అక్కర్లేదు.

ఆది తాళంలో ఎనిమిది క్రియలు. ఒక్కో క్రియలో నాలుగేసి అక్షరాలు పలికితే ఒక ఆవర్తనానికి 32. ఇప్పుడు 'తధిగిణతొం' అనండి. అయిదు. రెండుసార్లు అనండి, పది. ఈ పదిని మూడుసార్లు వాయించాలి, మళ్ళీ మొదటి దెబ్బ మీదకి, అంటే సమానికి, వచ్చి పడాలి. మూడు పదులు ముప్ఫయ్యే. రెండు మిగిలాయి. ఏం చెయ్యాలి? మొదటి పదికీ రెండో పదికీ మధ్య ఒక్క అక్షరం ఆగు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకో అక్షరం ఆగు. 10, 1, 10, 1, 10. ముప్ఫైరెండు. ఆ తర్వాత పడే దెబ్బ సరిగ్గా సమం మీద పడుతుంది. ముక్తాయింపు అంటే ఇదే, మరీ చిన్న సైజుది. ఇక పాట సమం మీద కాకుండా ఒకటిన్నర దెబ్బ తర్వాత ఎత్తుకునేదైతే? ఇంకో ఆరు అక్షరాలు కావాలి, అంటే 38. అప్పుడు 12, 1, 12, 1, 12. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, 32తో భాగించి శేషం చూసుకోవడమే. తేడా ఒకటే. మన ఆఫ్ బై వన్ బగ్గు ఆర్నెల్ల తర్వాత ఏ కస్టమరుకో కనిపిస్తుంది. మృదంగం వాయించేవాడిది అక్కడికక్కడే వీధిలోకి కూడా వినిపిస్తుంది.

సరే, ఇది చదువుతున్నవాళ్ళలో కొందరు ఈపాటికి ఒక కామెంటు తయారుచేసుకుని ఉంటారు. "ఇదంతా మన సంగీతంలో ఎప్పుడో ఉంది, వాళ్ళిప్పుడు కనుక్కున్నారు" అని. దయచేసి ఆగండి. నేను కూడా చాలాకాలం ఆ మాటే అన్నాను, ఆఫీసులో ఆ ఫ్రెండు దగ్గర గొప్పలు కూడా పోయాను. అది సగమే నిజం. మన దగ్గర పాట మొదలయ్యాక తాళం మారదు. స్తంభం పాతినట్టు నిలబడి ఉంటుంది. మృదంగం ఆ స్తంభానికి తాడు కట్టుకుని ఎంత దూరమైనా వెళ్తుంది, అయిదులంటుంది, ఏడులంటుంది, తొమ్మిదులంటుంది, చివరికి స్తంభం దగ్గరికే వస్తుంది. వినేవాడు చేత్తో తాళం వేస్తూ కూర్చుంటాడు కాబట్టి వాయించేవాడు ఎంత దూరం వెళ్ళాడో వీడికి తెలుసు. ఆ సస్పెన్సే మజా. హెల్లా లాంటి వాళ్ళ దగ్గర స్తంభమే కదులుతుంది. ఒక ముక్కలో లెక్క ఒకటి, తర్వాతి ముక్కలో ఇంకోటి. వినేవాడికి పట్టుకోడానికి చేతిలో ఏమీ లేదు, గిటారు ముక్క మళ్ళీ తిరిగొచ్చినప్పుడు "హమ్మయ్య, ఇల్లు ఇదే" అనుకోవాలి. రెండూ లెక్కలే, కానీ ఒకే లెక్క కాదు. ఒకటి తెలిస్తే రెండోది వచ్చేసినట్టు కాదు. నా చెయ్యే సాక్షి.

స్తంభాన్ని కదిపిన మనిషి మనకూ ఒకాయన ఉన్నాడు, అది చెప్పకపోతే అన్యాయం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పుట్టింది కోనసీమలో శంకరగుప్తంలో, 1930లో. సంగీతం నేర్చుకుంది బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర. విజయవాడ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. 2016లో పోయినప్పుడు టీవీల వాళ్ళు ఆయన పాటలు వేశారు, మంచిదే. కానీ ఆయన కొత్త తాళాలు కట్టాడని ఎంతమందికి తెలుసు? త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి. మామూలుగా ఒక తాళంలో క్రియలన్నీ సమానం. ఆయన తాళం వేసే క్రియల్లోనే గతిని మార్చేశాడు, అంటే దెబ్బకి ఒక నడక, విసురుకి ఇంకో నడక పెట్టొచ్చన్నమాట. నా మట్టుకు మన దగ్గర మ్యాథ్ రాక్‌కి దగ్గరగా వెళ్ళింది ఆయనే. మృదంగం, వయోలా కూడా వాయించేవాడు కాబట్టి ఆ ఆలోచన వచ్చిందని నా అనుమానం. ఆయన్ని మనం దేనికి గుర్తుపెట్టుకున్నాం? గొంతుకి, భక్తిరంజనికి, సినిమా పాటలకి. మాటలున్న వాటికి.

అసలు నేను ఈ టపా రాయడానికి కారణం ఇక్కడుంది. మనకి సంగీతం అంటే మాట. సాహిత్యం బాగుందా, ఎవరు రాశారు, ఎవరు పాడారు. అది తప్పని అనను, అంత సాహిత్యం ఉన్న భాష మనది. కానీ దానివల్ల మాట లేని చోట మనకి చెవి పనిచెయ్యడం మానేసింది. ఆ సంగతి మన భాషే చెప్తోంది చూడండి. మృదంగాన్ని మనం ఏమంటాం? పక్కవాద్యం. వయొలిన్‌ని? పక్కవాద్యం. నడిమధ్యన గొంతు ఉంటుంది, మిగతావన్నీ దానికి పక్క. క్యాసెట్ల కాలంలో గాయకుడి బొమ్మ ముందు, మృదంగం ఎవరంటే వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో.

హెల్లా మొదటి ఆల్బమ్ నాకు చేసిన పెద్ద మేలు ఈ 'పక్క' అన్న మాటని అనుమానించేలా చెయ్యడం. అక్కడ ఇద్దరే ఉన్నారు. ఎవరు ఎవరికి పక్క? మామూలు రాక్ బ్యాండులో డ్రమ్స్ అతని పని మిగతావాళ్ళని కాలంలో ఉంచడం. ఇక్కడ జాక్ హిల్ ఆ డ్యూటీకి రాజీనామా ఇచ్చేశాడు. అలాగని గిటారుకి పక్కన ఉండడు, గిటారు ఆయనకి పక్కన ఉండదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే మాటని రెండు రకాలుగా వాదించుకుంటున్నట్టుంటుంది. పాడేవాణ్ణి పెట్టుకోలేక మానేసినట్టు ఎక్కడా అనిపించదు. పాడేవాడొస్తే కూర్చోడానికి చోటు లేదు!

ఇప్పుడు బెజవాడ సభలకి వద్దాం. కచేరీలో పెద్ద కీర్తన, స్వరకల్పన అన్నీ అయ్యాక గాయకుడు మృదంగం వైపు చెయ్యి చూపిస్తాడు. తని ఆవర్తనం. రెండు గంటలుగా పక్కన ఉన్నవాడికి నడిమధ్యకి వచ్చే చోటు అదొక్కటే. సరిగ్గా అప్పుడే హాల్లో కుర్చీలు చప్పుడవుతాయి. కాఫీకి కొందరు, ఫోన్లకి కొందరు, పార్కింగులోంచి బండి ముందుగా తీసుకోడానికి కొందరు. నేను కళ్ళారా చూసిన ఒక కచేరీలో నిర్వాహకుడొకాయన వేదిక పక్కనుంచి మృదంగం ఆయనకి రెండు వేళ్ళు చూపించాడు, రెండు నిమిషాల్లో ముగించమని. మృదంగం ఆయన తల ఊపాడు. ఊపుతూనే వాయిస్తున్న లెక్కని మధ్యలో మడత పెట్టి, చిన్న ముక్తాయింపు ఒకటి అక్కడికక్కడే కట్టి సమం మీద దించాడు. ఆ రెండు వేళ్ళ మధ్యలో ఎన్ని కూడికలు, తీసివేతలు జరిగి ఉంటాయో! ఆ నిర్వాహకుడు అప్పటికే జ్ఞాపికల బల్ల సర్దుకుంటున్నాడు.

ఏమాటకామాటే, నేనూ తక్కువ తినలేదు. నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నవాణ్ణే, తనిలో లేచెళ్ళి సమోసా తిన్న రోజులున్నాయి. బయట నిలబడితే తెరిచిన తలుపులోంచి అది వినిపిస్తూనే ఉంటుంది కదా అనుకునేవాణ్ణి. వినిపించడమూ వినడమూ ఒకటే అనుకునే వయసు. ఎంత ర్యాంకులు తెచ్చుకున్న ఊరండీ మనది! ఇంటిగ్రేషన్లు నిద్రలో చేసే పిల్లలు ముప్ఫైరెండు దాకా లెక్కపెట్టమంటే లేచెళ్ళిపోతాం.

పోనీ మనకి అలాంటి జంట లేదా అంటే ఉంది, అదీ బెజవాడలోనే. దండమూడి రామమోహనరావు గారు, ఆయన భార్య సుమతి గారు. ఇద్దరూ మృదంగ విద్వాంసులు. సుమతి గారు మొదట వాళ్ళ నాన్న నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర, తర్వాత రామమోహనరావు గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ గురువుగారినే పెళ్ళి చేసుకున్నారు. మృదంగం అంటే మగవాళ్ళ వ్యవహారం అని అందరూ అనుకునే రోజుల్లో ఆవిడ ఆ వాద్యం పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి లయ విన్యాసం కచేరీలు చేసేవారు. గమనించండి, గాయకుడు లేడు. మృదంగమే కచేరీ. ఒకరు అన్నది ఇంకొకరు అందుకోవడం, పెంచడం, తగ్గించడం, చివరికి ఇద్దరూ ఒకే సమం మీద దిగడం. రామమోహనరావు గారు ఇప్పుడు లేరు. సుమతి గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, అదే ఏడాది బెజవాడ వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి గారికి కూడా. ఒకే ఊరికి, ఒకే ఏడాది, రెండు పక్కవాద్యాలకి! మా బెజవాడ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు శుభాకాంక్షల బొమ్మలు యాభై దాకా వచ్చాయి. ఆవిడ వాయించినదేదైనా ఎవరైనా పంపుతారేమోనని సాయంత్రం దాకా చూశాను. ఒక్కరూ పంపలేదు. నేను కూడా పంపలేదని రాత్రి గుర్తొచ్చింది.

శాక్రమెంటోలో ఇద్దరు కుర్రాళ్ళు మొదటి ఆల్బమ్ తెస్తే అది నా దాకా వచ్చింది, ఒక పెన్ డ్రైవులో, ఎవరూ డబ్బా కొట్టకుండా. అదే బెజవాడలో మృదంగం వాయించే కుర్రాడు మొదటి ఆల్బమ్ తేవాలంటే ముందు ఎవరి వెనకాలో పాతికేళ్ళు వాయించాలి. 'మొదటి ఆల్బమ్' అన్న మాటే ఆ వాద్యానికి అతకదు. నాకు బాధనిపించేది ఇక్కడే. అవకాశం ఇవ్వలేదని ఏ కంపెనీనో తిట్టి లాభం లేదు, వినేవాడు లేచి కాఫీకి వెళ్తున్నాడు.

సన్నాయి సంగతి ఇంకా ఘోరం. సన్నాయి, డోలు. మన కృష్ణా, గుంటూరు పెళ్ళిళ్ళలో తరతరాలుగా ఉన్న వాద్యాల జంట అది. వాళ్ళతో మనకున్న సంబంధమల్లా పురోహితుడు వేలు ఊపితే 'గట్టిమేళం' అని అరవడమే. ఎందుకయ్యా గట్టిగా అంటే ఎవరైనా తుమ్మితే వినపడకుండా! అంటే ఆ వాద్యం మనకి సౌండ్ ప్రూఫింగు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు అంత గొప్ప నాదస్వర విద్వాంసుడు, ఆయన వెళ్ళి స్థిరపడింది శ్రీరంగంలో. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చెన్నైకి వెళ్ళాడు. బాలమురళి గారూ చెన్నైకే వెళ్ళారు. ఎవరి కారణాలు వాళ్ళవి, కాదనను. కానీ మాట లేకుండా వాయించేవాళ్ళకి మన దగ్గర కుర్చీ లేకపోవడం కూడా అందులో ఒకటేమో అని నా గోల.

రెండో పక్షం కూడా చెప్పాలి. ప్రతి తనీ గొప్పగా ఉండదు. కొందరు వేగం తప్ప ఇంకేం లేకుండా ఇరవై నిమిషాలు వాయిస్తారు, కంప్యూటర్ సైన్సు పిల్లవాడు తన ప్రోగ్రాములో పనికిరాని ఫంక్షన్లన్నీ చూపించినట్టు. మ్యాథ్ రాక్‌లోనూ ఆ జబ్బు దండిగా ఉంది. లెక్క కష్టంగా ఉంటే చాలు సంగీతం అయిపోతుందనుకునే బ్యాండులు బోలెడు. హెల్లా ఆల్బమ్ కూడా ఏకబిగిన వింటే మధ్యలో నాకు తల బరువెక్కుతుంది, ఇప్పటికీ. కాస్త ఊపిరి తీసుకోనిస్తే బాగుండును అనిపిస్తుంది. అయినా ఆ ఆల్బమ్‌ని ఇన్నేళ్ళుగా వదల్లేదంటే దాని లెక్క నాకింకా పూర్తిగా దొరకలేదు కాబట్టి కాదు. లెక్క వెనకాల ఇద్దరు మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటున్న సంగతి వినిపిస్తుంది కాబట్టి. కూచిపూడిలో జతులు చెప్పే గొంతుకీ ఆడే కాలికీ మధ్య జరిగే ఆట అలాంటిదే. అక్కడ మాత్రం ఎవరూ కాఫీకి లేవరు, ఎందుకంటే కళ్ళకి పని ఉంది.

సభల వాళ్ళని నేనడిగేది చాలా చిన్నది. తని మొదలవగానే హాలు తలుపులు మూసెయ్యండి, అంతే. కాఫీ ఆ తర్వాత పెట్టండి. ఏడాదికొక్కసారి గాయకుడు లేని కచేరీ ఒకటి పెట్టండి, రెండు మృదంగాలో, మృదంగం ఘటమో. గంట చాలు. దాన్ని శుభ్రంగా రికార్డు చేసి నెట్‌లో పెట్టండి. ఆ రికార్డింగుకి వాళ్ళ పేర్లే, ముందు వైపే, పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఎవరు వింటారు అంటారా? అమెరికాలో ఒక మూల ఇద్దరు వాయించింది ఇక్కడ నాలాంటి వాడొకడు విన్నాడు కదా. ఇక్కడ వాయించింది అక్కడెవడో వినకపోడు.

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు సత్యనారాయణపురంలో మాస్టారింటికి వెళ్ళాను. చాలా ఏళ్ళైంది వెళ్ళి. ఎనభై దాటాయి ఆయనకి. గుర్తుపట్టారు. "ఏరా, ఇంటర్మీడియట్ అయిందా?" అన్నారు. నవ్వాలో వద్దో తెలీలేదు. మానేసే రోజున "రెండేళ్ళేగా, అయ్యాక రా" అన్నది ఆయనే. ఫోన్ తీసి, "మాస్టారూ, ఒకటి వినిపిస్తాను, కొంచెం చప్పుడుగా ఉంటుంది" అన్నాను. ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో నిలవలేదు, అందుకని స్పీకర్లో పెట్టాను. 'బిబ్లికల్ వయొలెన్స్'.

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. చెయ్యి తొడ మీదకి వెళ్ళింది. తాళం వెయ్యబోయి ఆపేశారు. ఒట్టి వేళ్ళు మాత్రం కదుపుతూ విన్నారు. పిన్నిగారు కాఫీ తెచ్చి ఆ శబ్దానికి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"గిటారబ్బాయి తాళం వేస్తున్నాడ్రా" అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఆ డప్పు కుర్రాడు పాడుతున్నాడు."

పదిహేనేళ్ళ నుంచి వింటున్నాను, నాకు తట్టలేదు ఆ మాట.

"ఇది వాళ్ళ మొదటిదా?" అన్నారు అయ్యాక. అవునన్నాను. "అందుకే. మొదటి కచేరీలో అందరూ అంతే, వచ్చిందంతా వాయించేస్తారు. ముక్తాయింపు కూడా సరిగ్గా లేదు. కానీ ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు వింటున్నార్రా" అని, కాఫీ పక్కన పెట్టేసి, "మళ్ళీ పెట్టు. ఈసారి నువ్వు వెయ్యి తాళం" అన్నారు.

వేశాను. నిమిషం తిరక్కుండా తప్పిపోయాను. ఆయన ఆపలేదు.